అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ: కోర్టు తలుపు తెరిచింది, మన పిల్లలకి చెప్పేదెవరు?

అధ్యక్షులకు, ట్రస్టీలకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

మీరు చేసే మంచి పనులు తెలియక రాస్తున్న లేఖ కాదు ఇది. ఇక్కడ ఎవరింటి పిల్లాడైనా యాక్సిడెంట్‌లో పోతే ఆ అబ్బాయిని కన్నవాళ్ల దగ్గరికి చేర్చడానికి రాత్రికి రాత్రే డబ్బు పోగుచేసేది మీరే, ఆ విషయంలో మిమ్మల్ని వంక పెట్టేవాళ్లు లేరు. అయితే బతికున్న పిల్లలకి కోర్టులో న్యాయం దక్కే అవకాశం వచ్చినప్పుడు మాత్రం మీ నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. ఇమిగ్రేషన్ పోలీసులే నడిపిన ఫార్మింగ్టన్ దొంగ యూనివర్సిటీకి ఫీజు కట్టిన విద్యార్థి వేసిన దావాని కోర్టు వినాల్సిందేనని 2024లో ఫెడరల్ సర్క్యూట్ అనే అప్పీళ్ల కోర్టు ఇచ్చిన తీర్పు గురించి మీలో కొందరికి మెయిల్స్ పెట్టాను, మహాసభల్లో కాగితం చేతికిచ్చాను. "లీగల్ మేటర్స్‌లో మనం వేలు పెట్టొద్దండీ, మన ట్యాక్స్ స్టేటస్‌కి ఎసరు వస్తుంది" అన్నారు ఒకాయన. మిగతావాళ్లు ఆ మాత్రం కూడా అనలేదు. ఏ సంఘం, ఎవరు అన్నది ఇక్కడ రాయను, అందరి తీరూ కాస్త అటూఇటుగా ఒకటే కాబట్టి.

నేను లాయర్ని కాదు. డెట్రాయిట్ పక్కన ఐటీ ఉద్యోగం చేసుకుంటూ, ఇమిగ్రేషన్ కాగితాలు అర్థంకాక కంగారుపడే పిల్లలకి తెలుగులో విడమరిచి చెప్తుంటాను, అంతే. ఆ పనిలో తీర్పులు చదవడం అలవాటైంది. చదివినకొద్దీ మనవాళ్లు దేనికి మోసపోతున్నారో కాదు, దేన్ని వదులుకుంటున్నారో కనపడింది.

ముందు జరిగింది ఒకసారి గుర్తు చేస్తాను. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరు 2019 జనవరి నెలాఖర్లో మన టీవీ ఛానళ్లలో మోగిపోయింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో నార్త్‌వెస్టర్న్ హైవే పక్కన మామూలు ఆఫీసు బిల్డింగ్‌లో ఉండేది, ఇప్పటికీ ఆ దారినే వెళ్తుంటాను, చూస్తే ఇన్సూరెన్స్ ఆఫీసు ఉండే చోటనిపిస్తుంది తప్ప కాలేజీ అనిపించదు. క్లాసుల్లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. దాన్ని నడిపింది ఇమిగ్రేషన్ పోలీసులు, అంటే ఐస్ వాళ్ల అండర్‌కవర్ ఏజెంట్లు. వెబ్‌సైటు పెట్టారు, ఫేస్‌బుక్ పేజీ పెట్టారు, లాటిన్‌లో నినాదం రాసిన లోగో కూడా తయారుచేయించారు. విదేశీ విద్యార్థులు ఎక్కడెక్కడ చేరవచ్చో చెప్పే హోంల్యాండ్ సెక్యూరిటీ వారి సొంత జాబితాలో దాని పేరు ఉండేది. అక్రెడిటేషన్ ఉన్నట్టు కూడా చూపించారు. అంటే ఒక జాగ్రత్తపరుడైన తండ్రి హనుమకొండలో కూర్చుని సర్కారు సైటు తెరిచి చూసుకున్నా "అసలుదే" అనే జవాబే వచ్చేది. మాస్టర్స్‌కి మూడు నెలల క్వార్టర్‌కి 2,500 డాలర్ల ఫీజు. దాదాపు 600 మంది చేరారు, ఎక్కువమంది ఇండియా వాళ్లు, వాళ్లలోనూ మన తెలుగు పిల్లలే ఎక్కువ. మొదటి విడతలో 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు, వాళ్లలో 129 మంది ఇండియన్లు. ఏడాది చివరికి ఆ లెక్క 250 దాకా వెళ్లింది. చాలామంది వాలంటరీ డిపార్చర్ కింద సూట్‌కేసు సర్దుకుని వెళ్లిపోయారు. ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి భారత ప్రభుత్వం డెమార్ష్, అంటే తన ఆందోళన తెలిపే అధికారిక లేఖ, కూడా ఇచ్చింది.

పిల్లల్ని అందులో చేర్పించి కమీషన్ తీసుకున్న ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసు పెట్టారు, అందరూ నేరం ఒప్పుకున్నారు. వాళ్ల మీద నాకేం జాలి లేదు. నేను అడిగేది ఫీజు గురించి. చదువు చెప్తామని డబ్బు తీసుకున్నది ఎవరు? అమెరికా ప్రభుత్వం. చదువు చెప్పిందా? లేదు. డబ్బు వెనక్కి ఇచ్చిందా? అదీ లేదు.

సరిగ్గా ఈ ప్రశ్నతోనే ఒక విద్యార్థి 2020లో ప్రభుత్వం నుంచి డబ్బు రావాలనే కేసులు వినే కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌లో దావా వేశాడు. రవి వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ అని వెతికితే దొరుకుతుంది. తన ఒక్కడి కోసం కాదు, తనలాంటి వాళ్లందరి తరఫునా. "ఇది పోలీసు ఆపరేషన్, సార్వభౌమాధికారంతో చేసిన పని, దీని మీద కాంట్రాక్టు దావా చెల్లదు" అంది ప్రభుత్వం. కింది కోర్టు 2022లో ఆ మాటకే తలూపి కేసు కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని తిరగేసింది. ఫీజు తీసుకుని చదువు చెప్తాననడం ఏ ప్రైవేటు కాలేజీ అయినా చేసుకునే ఒప్పందం లాంటిదే, దాని వెనక పోలీసు ఉద్దేశం ఉన్నంత మాత్రాన కోర్టు తలుపు మూసుకుపోదు, విచారించండి అని కేసును వెనక్కి పంపింది. దీన్ని గెలుపు అనుకోకండి, డబ్బు ఇమ్మని ఎవరూ అనలేదు, ప్రభుత్వం తన మిగతా అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. వినాల్సిన కేసు అని మాత్రం తేలింది. మన పిల్లాడొకడు అమెరికా ప్రభుత్వం మీద ఇంత దూరం వస్తే మన సంఘాల మేగజైన్లలో దీని మీద ఒక్క పేజీ నా కంటపడలేదు. అందాల పోటీ ఫొటోలకి నాలుగు పేజీలు ఉన్నాయి.

ఇక "తెలిసే చేరారు కదా, వర్క్ పర్మిట్ కోసం ఆశపడ్డారు కదా" అనే మాట. మీటింగుల్లో అందరికంటే ముందు వినిపించేది ఇదే, అదీ ఎక్కువగా ఎప్పుడో గ్రీన్‌కార్డు వచ్చేసిన వాళ్ల నోటి నుంచి. కొందరికి తెలుసు, కాదనను. క్లాసులు లేని చోట సీపీటీ (చదువులో భాగంగా ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి) చూపించి ఉద్యోగం చేయడం తప్పని తెలిసే చేసినవాళ్లున్నారు. అంతకుముందు చదువుతున్న కాలేజీకి అక్రెడిటేషన్ పోయి దిక్కుతోచక అందులోకి మారినవాళ్లూ ఉన్నారు, ఫీజు కట్టి క్లాసులు ఎప్పుడని అడిగి అడిగి విసుగెత్తి బయటికొచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరు ఏమిటన్నది ఒక్కొక్కరి కాగితాలు చూసి కోర్టు తేల్చాలి. ఆ తేల్చే పని మనం టీ తాగుతూ చేసేస్తున్నాం, అదే నా బాధ.

ఇది ఒక్క ఫార్మింగ్టన్ కథ కూడా కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు కాళ్లకి రేడియో ట్యాగులు కట్టించుకున్నది ఎక్కువగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. న్యూజెర్సీలో ఐస్ నడిపిన ఇంకో దొంగ యూనివర్సిటీలో వెయ్యికి పైగా విద్యార్థులు చిక్కుకుంటే, వాళ్లలో కొందరు అందరి తరఫున కోర్టుకెక్కారు. 2019 ఆగస్టులో థర్డ్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వాళ్ల మాట విన్నది: సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే సర్కారు డేటాబేస్) రికార్డు రద్దు చేయడం అంటే స్టూడెంట్ స్టేటస్ మీద తుది నిర్ణయమే, దాన్ని నేరుగా ఫెడరల్ కోర్టులో ప్రశ్నించవచ్చు అంది. ఫాంగ్ కేసు అంటారు దాన్ని. ముందుపడి కోర్టుకెళ్లిన ఆ ఫాంగ్ చైనా విద్యార్థి.

ఆ తీర్పు ఆరేళ్ల తర్వాత ఎలా పనికొచ్చిందో చూడండి. 2025 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి వేల మంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఎగిరిపోయాయి. స్పీడింగ్ టికెట్లు, ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసులు, అంతే కారణం. దాదాపు 13 లక్షల మంది పేర్లను పోలీసు డేటాబేస్‌తో కంప్యూటర్‌లో సరిపోల్చితే 6,400 పేర్లు తగిలాయని, ఒక్కొక్కరి ఫైలు విడిగా చూడలేదని తర్వాత కోర్టు విచారణలోనే బయటపడింది. ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం అప్పుడు సేకరించిన 327 కేసుల్లో సగం ఇండియా పిల్లలవే. జార్జియాలో 133 మంది కలిసి కేసు వేస్తే జడ్జి వాళ్ల స్టేటస్ వెంటనే పునరుద్ధరించమన్నారు. దేశమంతా ఇలాంటి ఆర్డర్లు వరుసగా పడేసరికి ఏప్రిల్ 25న ప్రభుత్వమే వెనక్కి తగ్గి రికార్డులు తిరిగి తెరుస్తామంది. ఆ మధ్యలో ఎంతమంది భయపడి టికెట్ కొనుక్కుని వెళ్లిపోయారో! నాకు ఫోన్ చేసిన ఒకమ్మాయి గొంతు ఇంకా చెవిలో ఉంది, "అన్నా, ఫైనల్స్ పదిరోజుల్లో ఉన్నాయి, రాయనిస్తారా, ముందు వెళ్లిపోవాలా" అని. ఏ సంఘం హెల్ప్‌లైన్‌కి చేసిందో అడిగాను. "మీ లాయర్ని కలవండి" అన్నారట. లాయర్ ఉంటే మీకెందుకు చేస్తుంది?

ఇప్పుడు ఇవన్నీ మామూలు ఇళ్లలో ఏం చేస్తాయో అంకెలు వేసి చెప్తాను.

1. ఫార్మింగ్టన్ ఫీజు సంగతి. కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌లో ప్రభుత్వం మీద దావాకి గడువు ఆరేళ్లు. 2019 జనవరిలో మూతపడింది, లెక్క మీరే వేసుకోండి, సొంతంగా కొత్తగా కేసు వేసే దారి చాలామందికి మూసుకుపోయినట్టే. మిగిలింది రవి అందరి తరఫునా వేసిన ఈ క్లాస్ యాక్షన్, అంటే ఉమ్మడి దావా, ఒక్కటే. అక్కడే ఇంకో మెలిక ఉంది. మిగతా ఫెడరల్ కోర్టుల్లో క్లాస్ అంటే "నన్ను తీసేయండి" అని చెప్పనివాళ్లందరూ అందులో ఉన్నట్టే. ఈ కోర్టులో రూలు తిరగబడి ఉంటుంది, "నేనూ ఉన్నాను" అని కాగితం ఇచ్చినవాళ్లే లెక్కలోకి వస్తారు. అంటే రేపు కోర్టు క్లాస్‌కి ఒప్పుకున్నా, ఖమ్మంలోనో ఒంగోలులోనో ఉన్న అబ్బాయికి ఆ కబురు చేరకపోతే రూపాయి రాదు. వాళ్ల మిషిగన్ అడ్రసులు మారి ఏళ్లు గడిచాయి, ఫోన్ నంబర్లు లేవు. కోర్టు నోటీసు ఎక్కడికి వెళ్తుంది? వెతికి పట్టుకోగల మనుషులు ఎవరైనా ఉంటే మీరే, ఊరూరా మీకు బంధుత్వాలున్నాయి.

2. రికార్డు సంగతి. డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు. మోసం చేసి ఇమిగ్రేషన్ లాభం పొందాడని ఫైల్లో పడితే ఆ ముద్ర జీవితాంతం ఉంటుంది, వేవర్, అంటే మినహాయింపు, దొరికితే తప్ప. తర్వాత కంపెనీ బిజినెస్ వీసా మీద పంపాలన్నా, అక్క డెలివరీకి తల్లిని తోడు తీసుకుని రావాలన్నా ఇంటర్వ్యూలో ఆ ఫైలే ముందు తెరుచుకుంటుంది. భయపడి వెళ్లిపోయినవాళ్లలో తమ ఫైల్లో అసలు ఏం రాసుందో తెలిసినవాళ్లు ఎందరు? సమాచారం అడిగి తెప్పించుకునే చట్టం ఇక్కడ ఉంది, ఫారం నింపడం గంట పని.

3. ఇంట్లో అప్పు. దీని మీద ఎక్కువ రాయక్కర్లేదు, మీరంతా అక్కడి నుంచి వచ్చినవాళ్లే. డిగ్రీ లేకుండా తిరిగొచ్చినా బ్యాంకు వడ్డీ ఆగదు.

4. అన్నిటికన్నా పెద్దది, మీలో చాలామంది పట్టించుకోనిది. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు ట్రంప్ వర్సెస్ కాసా కేసులో 6-3 తేడాతో చెప్పిన మాట. ఇంతకాలం ఎక్కడో ఒక జిల్లా జడ్జి ప్రభుత్వ ఉత్తర్వును దేశమంతా ఆపేస్తే, కేసుతో సంబంధం లేని మనమూ ఆ నీడలో కూర్చునేవాళ్లం. ఇకమీదట అలా కుదరదు, కేసు వేసినవాళ్లకి సరిపడా ఊరట ఇవ్వండి, అంతకుమించి దేశవ్యాప్తంగా ఆపే అధికారం జిల్లా జడ్జీలకి లేదు అంది కోర్టు. ఆ కేసు పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని కుదించే ట్రంప్ ఉత్తర్వు గురించి, హెచ్1బీ మీద ఉన్న దంపతులకి పుట్టే బిడ్డని కూడా ఆ ఉత్తర్వు కలుపుకుంది, కాబట్టి ఇది మన ఇళ్ల గొడవే. తీర్పు వచ్చిన రెండు వారాల్లోపే న్యూహాంప్‌షైర్‌లో పిల్లలందరినీ ఒక క్లాస్‌గా కలిపి మళ్లీ ఆర్డర్ తెచ్చుకున్నారు, దానికి ముందుపడ్డ సంస్థలు ఉన్నాయి కాబట్టి. కాసా అన్నది కూడా వలస కుటుంబాలు సభ్యులుగా ఉన్న ఒక సంఘమే, మీలాగే. తేడా ఏంటంటే వాళ్లు సభ్యుల తరఫున కోర్టుకి వెళ్లారు.

5. హెచ్1బీ కొత్త పిటిషన్లకి లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబర్ 19న ప్రకటన వచ్చినప్పుడు కాలిఫోర్నియాలో కేసు వేసినవాళ్ల జాబితా చదివాను. నర్సుల్ని నియమించే సంస్థ ఉంది, ప్రొఫెసర్ల సంఘం ఉంది, ఆటో వర్కర్ల యూనియన్ ఉంది, చర్చి సంస్థలు ఉన్నాయి. హెచ్1బీ మీద అందరికంటే ఎక్కువగా బతుకుతున్న మన జాతి నుంచి ఒక్క పేరు కోసం కింద దాకా చూసుకుంటూ వెళ్లాను, కనపడలేదు.

ట్యాక్స్ స్టేటస్ అన్న పెద్దాయన మాటకి జవాబు ఇక్కడే చెప్పేస్తాను. 501(సి)(3) సంస్థ, అంటే మనలా పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ, ఎన్నికల్లో ఒక అభ్యర్థికి ప్రచారం చేయకూడదు, చట్టసభల దగ్గర లాబీయింగ్‌కి హద్దు ఉంది. కోర్టులో కేసు వేయడం లాబీయింగ్ కిందకి రాదు. ఈ దేశంలో పౌరహక్కుల కేసులు ఎన్నో నడిపింది ఇలాంటి పన్ను మినహాయింపు సంస్థలే. సభ్యుల తరఫున సంఘం దావా వేయవచ్చని సుప్రీంకోర్టు 1977లో వాషింగ్టన్ రాష్ట్ర యాపిల్ వ్యాపారుల కేసులోనే దారి చూపించింది: సభ్యుల్లో ఒకరికైనా సొంతంగా కేసు వేసే హక్కు ఉండాలి, ఆ విషయం సంఘం ఆశయాలకి సంబంధించినదై ఉండాలి, ఒక్కొక్క సభ్యుడూ స్వయంగా రావాల్సిన అవసరం లేనిదై ఉండాలి. యాపిల్ పళ్లు అమ్ముకునేవాళ్ల కోసం పనికొచ్చిన సూత్రం ఎంఎస్ పిల్లలకి పనికిరాదా?

కాబట్టి మేము, అంటే చందా కట్టే మామూలు సభ్యులం, అడుగుతున్నవి ఇవి.

మొదటిది, ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో పనిచేసే లాయర్ ఒకరికి ఫీజు కట్టి, రవి కేసులో ఇప్పుడు ఎవరు చేరగలరు, ఎలా, ఏ కాగితాలు కావాలి అన్నదాని మీద రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. దాన్ని తెలుగులో అందరికీ కనపడేలా పెట్టండి, ఈ నెలలోనే. దావా వేసిన విద్యార్థి లాయర్లతో మాట్లాడండి, పాత విద్యార్థుల్ని వెతకడంలో వాళ్లకి సాయపడండి. ఊళ్లలోని పత్రికల జిల్లా ఎడిషన్లలో చిన్న ప్రకటన చాలు. పేర్లు బయటపెట్టకుండా నమోదు చేసుకునే ఏర్పాటు మాత్రం తప్పకుండా ఉండాలి, ఇప్పటికీ సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పనివాళ్లున్నారు.

రెండోది, స్టూడెంట్లకి ఉచిత సభ్యత్వం ఇవ్వండి, ఓటు హక్కు లేకుండానే ఇవ్వండి, మీ ఎన్నికల లెక్కలు చెడిపోతాయని భయం ఉంటే. సభ్యుడు కానివాడి తరఫున సంఘం కోర్టుకి వెళ్లలేదు. కాసా తీర్పు తర్వాత ఐడీ కార్డు మీద ఉన్న ఆ మెంబర్ నంబరే రేపు ఒక పిల్లాడికి ఊరట దక్కుతుందా లేదా అన్నది తేల్చే పరిస్థితి రావచ్చు. బైలాస్‌లో సభ్యుల హక్కుల కోసం న్యాయపోరాటం చేయడం కూడా మన ఆశయం అని ఒక వాక్యం చేర్చండి, వచ్చే జనరల్ బాడీలోనే.

మూడోది డబ్బు. ప్రతి మహాసభల బడ్జెట్ నుంచి లీగల్ ఫండ్‌కి ఇంత అని పక్కన పెట్టి ఆ లెక్క సభ్యులకి చూపించండి. ఎంత అనేది మీరే చెప్పండి, నేను చెప్తే హీరోయిన్ ఫ్లైట్ టికెట్‌తో పోల్చానని కోపమొస్తుంది.

నాలుగోది కాస్త చేదుగా ఉంటుంది. ఏ కాలేజీ ఎలాంటిదో కనుక్కోకుండా పిల్లల్ని పంపే కన్సల్టెన్సీల బ్యానర్లు మీ స్టేజీ మీద ఉంటున్నాయి. స్పాన్సర్‌షిప్ తీసుకునే ముందు, వాళ్లు గత మూడేళ్లలో ఏయే కాలేజీలకి ఎంతమందిని పంపారో రాసిమ్మనండి. ఇవ్వనన్నవాళ్ల చెక్కు వెనక్కి ఇచ్చేయండి. చేర్పించినందుకు కాలేజీ దగ్గర, చేరినందుకు పిల్లాడి దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు ఎవరో మీకు నాకంటే బాగా తెలుసు.

ఐదోది, కేసు వేసేంత ధైర్యం ఇప్పుడే లేకపోతే కనీసం వేరేవాళ్ల కేసుల్లో అమైకస్ బ్రీఫ్ వేయండి. వలస విద్యార్థుల కేసు నడుస్తుంటే "మా సభ్యుల ఇళ్లలో ఇలా జరిగింది" అని కోర్టుకి నాలుగు పేజీలు చెప్పడం అది. మనలో ఇక్కడ లా చదివిన పిల్లలు ఎంతమంది లేరు? అడిగితే ఉచితంగా రాసేవాళ్లున్నారు. అడగాలి.

ఈ లేఖకి జవాబు నాకు ఫోన్‌లో వద్దు, "మీరు ఒకసారి కలవండి, మాట్లాడుకుందాం" అని కూడా వద్దు. మీ సంఘం పేజీలోనే, అందరూ చదివేలా, పై ఐదింటిలో ఏవి చేస్తారు, ఏవి చేయరు, చేయనివి ఎందుకు చేయరు అని రాయండి. కార్యవర్గ సమావేశం నెలకోసారి ఉంటుంది కాబట్టి వచ్చే నెల మీటింగ్ ఎజెండాలో ఇది పెట్టారా లేదా అన్నది అప్పటికల్లా తెలిసిపోతుంది. పెట్టకపోతే వచ్చే ఎన్నికల్లో ప్యానెల్ కట్టి ఫోన్లు చేసే ప్రతి అభ్యర్థినీ మేము అడగబోయే మొదటి ప్రశ్న రవి కేసు చదివారా అని.

ఇట్లు,
మిషిగన్ నుంచి ఒక జీవితకాల సభ్యుడు